నంబర్లు కలిసిన తుపాకి

మార్చి 15, శనివారం

క్లబ్బులో ఏటా చేసే తుపాకుల పరీక్ష అయింది. పద్నాలుగు చూశాను. పన్నెండింటికి నా చీటీ కట్టాను, రెండు వెనక్కి పంపాను. వాటిలో మిలార్డ్‌ది ఒకటి. అన్ని భాగాల మీదా ఒకే నంబరు ఉన్నట్టు కనిపించాలని పాత అంకెలు అరగదీసి కొత్తవి కొట్టి తెచ్చాడు. కొత్తగా దిగిన అంకె అంచు మెరుస్తుంది, దాని మీద ఎంత నలుపు పూసినా సరే.

"బయటివాళ్ళకేం తెలుస్తుందిలే వర్జిల్" అన్నాడు.

"నేను బయటివాణ్ణి కాదుగా" అన్నాను. అందరూ నవ్వారు.

అసలు మా పిచ్చే అలాంటిది. ఏదో దేశపు సైన్యం వాడి పక్కన పెట్టేసిన తుపాకిని గ్యాస్ మంటతో కోసి, మిగిలిన ముక్కల్ని మన దేశానికి అమ్ముతారు. మేం వాటిని ఇక్కడ తయారైన కొత్త రిసీవర్‌లో, అంటే భాగాలన్నీ కూర్చునే చట్రంలో, బిగించి, నొక్కినప్పుడల్లా ఒక్క తూటానే పేలేలా చేసుకుని, అసలుకీ ఈ నకలుకీ తేడా లేదని ఒకళ్ళనొకళ్ళం ఒప్పించుకుంటాం. పెళ్ళాలు మాత్రం ఒప్పుకోరు.

డార్సీ ప్రూయిట్ తుపాకి ఆఖరున చూశాను. ఆస్ట్రియా సైన్యపు ఎఫ్ఏఎల్ రైఫిల్ ముక్కలు, ఒహాయోలో చేసిన రిసీవర్. ఆరేళ్ళ కింద మేమిద్దరం నా షెడ్డులోనే బిగించాం. తూటాని వెనక నుంచి మూసే బోల్ట్ మూసుకున్నాక మిగిలే ఖాళీని, తూటా బదులు లోపల పెట్టే రెండు ఉక్కు గేజ్‌లతో కొలిచాను. మొదటి గేజ్ మీద మూసుకుంది, రెండో గేజ్ మీద మూసుకోలేదు. అలాగే ఉండాలి. రెండోదాని మీద కూడా మూసుకుందంటే ఖాళీ ఎక్కువైనట్టే. అప్పుడు తూటా ఇత్తడి తొడుగు చిట్లి, మంట మనిషి మీదికి వస్తుంది. వాల్వుల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు కొలతలు తనిఖీ చేసినవాణ్ణి. వెంట్రుకలో సగం తేడా కూడా నా చేతికి తెలుస్తుంది.

క్లబ్బు పత్రికలో దానికి పదికి ఎనిమిదిన్నర వేశాను. బోల్ట్ మీది నంబరు మిగతావాటితో కలవదు కాబట్టి ఒకటిన్నర కోత.

"ఒరేయ్, ఆ ఒకటిన్నర కోసం నేను చచ్చేదాకా ఏడవాలా?" అన్నాడు డార్సీ.

ఏడవాల్సిందే మరి.


ఏప్రిల్ 12

దొరికింది. తుపాకుల సంతలో, ఓ ముసలాయన బల్ల కింద, తుప్పు పట్టిన బిస్కెట్ డబ్బాలో. నూనె తుడిస్తే 7316. ఇంకోసారి తుడిచాను. 7316. డార్సీ బారెల్ మీద ఉన్న నంబరు! ఆస్ట్రియాలో ఏ ఫ్యాక్టరీలోనో ఒకే రోజున ఒకే తుపాకిలో పెట్టిన బోల్ట్. ఎక్కడెక్కడ తిరిగిందో, ఆరేళ్ళు వెతికాక ఇక్కడ నా చేతిలో పడింది. అసలు అంకెలు, మెరుపు లేదు. ముసలాయన అడిగినంతా ఇచ్చి వచ్చేశాను. బేరం చేస్తే అది నాకెంత కావాలో కనిపెట్టేవాడు.

డార్సీకి చెప్పలేదు. వచ్చే నెల వాడి పుట్టినరోజు.


మే 3, శనివారం

డార్సీకి అరవై ఎనిమిది. వాడి కూతురు లీటా వండింది. జింక మాంసం, బీన్స్, తీపికి రూబార్బ్ పై. తల్లి పోయాక ప్రతి ఆదివారం చర్చి అయ్యాక తండ్రికి తన ఇంట్లోనే భోజనం పెడుతోంది ఆ పిల్ల. పుట్టినరోజు కూడా అక్కడే.

బోల్ట్‌ని మా ఆవిడ నోలా చేతి రుమాల్లో చుట్టి ఇచ్చాను. డార్సీ విప్పి, కళ్ళద్దాలు పెట్టుకుని అంకెలు చదివి, వాకిట్లోకి వెళ్ళిపోయాడు. వెనకాలే వెళితే మొహం తుడుచుకుంటున్నాడు.

"వెధవా, ఆరేళ్ళు వెతికావా?"

"నువ్వు ఏడుస్తానన్నావుగా."

లీటా బల్ల మీదే తుపాకి విప్పాం. పాతది తీశాను, ఇది పెట్టాను, వెన్నలా జారింది. పాత బోల్ట్‌ని జేబులో వేసుకొచ్చాను. ఇప్పుడు పదికి పది. లీటా మా ఇద్దర్నీ చూసి ఒకటే నవ్వు. "మీ ఇద్దరికీ పెళ్ళి చేయాల్సింది బాబాయ్" అంది. డార్సీ తుపాకిని గోడకి తగిలించాడు. ఫాదర్స్ డే ముందు రోజు క్లబ్బులో మొదటి తూటాలు లీటానే పేలుస్తుందట. పేలిన తూటాల ఇత్తడి తొడుగుల్లోనే మళ్ళీ మందు పోసి, వాడు తూటాలు ఇంట్లో నింపుకుంటాడు. ఆ రోజు కోసం ప్రత్యేకంగా నింపుతున్నాడు. బోల్ట్ మార్చాక మళ్ళీ కొలిచాను. రెండు గేజ్‌లూ సరిగ్గా ఉన్నాయి.


జూన్ 14

లీటా కుడి కన్ను.


జూన్ 16, సోమవారం

కన్ను తీసేశారు. ఎనిమిదో తూటాకి పేలింది. తుపాకి కింద తగిలించే తూటాల పెట్టె ఊడి పడింది, ఇత్తడి ముక్క రక్షణ అద్దాల కింద నుంచి దూరింది. ముందు ఏడూ ఎంత ముద్దుగా కొట్టింది! మేం చప్పట్లు కొట్టాం కూడా.

ఆసుపత్రి వరండాలో డార్సీ గోడకి ఆనుకుని నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. "ఆ ఇత్తడి ఐదోసారి నింపానురా. నాలుగుతో ఆపాల్సింది. నాలుగుతో ఆపాల్సింది" అంటాడు. ఇంకో మాట లేదు. వాడి భుజం మీద చెయ్యి వేశాను.

ఐదుసార్లు నింపిన ఇత్తడి అంటే ఎక్కువే. నేనైతే వాడను.


జూన్ 19

క్లబ్బు అధ్యక్షురాలు ఆర్డిత్ కెంప్ వచ్చింది. పేలిన తుపాకిని దుప్పట్లో చుట్టి తెచ్చింది.

"కారణం ఏమిటో రాసివ్వండి వర్జిల్ గారూ. మీ మాటైతే ఎవరూ కాదనరు."

పెట్టి వెళ్ళమన్నాను. నా చీటీ ఇంకా దాని మెడకి వేలాడుతోంది. మార్చి 15, వి.ఎస్.


జూన్ 21

కొలిచాను. రెండో గేజ్ మీద మూసుకుంది.


జూన్ 22

మళ్ళీ కొలిచాను. మూసుకుంది. అంత పేలుడుకి రిసీవర్ సాగి ఉంటుంది. అంతే అయి ఉంటుంది. పేలాక కొలిచిన కొలత పేలకముందుది కాదు. ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్ళకి నేను మొదట నేర్పేది ఇదే.


జూన్ 28

గేజ్‌లు కడిగి, ఆరబెట్టి, గది చల్లబడ్డాక కొలిచాను. మూసుకుంది.


జూలై 5

పాత బోల్ట్ పెట్టి రెండో గేజ్ మీద చూశాను. మూసుకోలేదు.


జూలై 6

రిసీవర్ సాగితే పాత బోల్టూ మూసుకోవాలి కదా అని ఎవరైనా అనొచ్చు. అది అంత తేలిక విషయం కాదు. చాలా లెక్కలుంటాయి.


జూలై 9

ఆర్డిత్‌కి రిపోర్టు ఇచ్చాను. ఒకటే పేజీ. "తూటా లోపం అయి ఉండవచ్చు" అని రాశాను. ‘ఉండవచ్చు’ అన్నాను, ‘ఉంది’ అనలేదు.


జూలై 12

ఇంట్లో నింపిన తూటాలు ఇకమీదట క్లబ్బులోకి రాకూడదని తీర్మానించారు. పదేళ్ళుగా కాల్పుల దగ్గర అందరి భద్రతా చూసింది డార్సీనే. ఆ బాధ్యత వదులుకుంటానని లేచి నిలబడి చెప్పాడు. ఎవరూ వద్దనలేదు. మిలార్డ్ మాత్రం "పేలిన తుపాకిని ఇంకెవరికైనా చూపిస్తే బాగుండేదేమో" అని గొణిగాడు.

డార్సీ వాడి మీద విరుచుకుపడ్డాడు. "వర్జిల్ చూశాడు కదా! వాడి కన్నా తెలిసినవాడు ఈ జిల్లాలో ఉన్నాడా? తప్పు నాది. నోరు ముయ్యి."

నేను కిటికీలోంచి పార్కింగులో వానని చూస్తూ కూర్చున్నాను. అంతకంటే ఏం చేశానో గుర్తులేదు.


జూలై 20

వచ్చే వారం చెబుతాను. ఇప్పుడు చెబితే వాడు తట్టుకోలేడు.


జూలై 26, శనివారం

నల్ల పెన్నులో ఇంకు అయిపోయింది. వంటింట్లో సరుకుల చీటీ రాసే నీలం పెన్నుతో రాస్తున్నాను.

లీటా వచ్చింది, తనే నడిచి. కంటికి నల్ల గుడ్డ కట్టుకుంది. స్కూలు బస్సు ఇక నడపనివ్వరట. ఒంటి కంటితో పిల్లల్ని తిప్పడానికి చట్టం ఒప్పుకోదు. వచ్చే నెల నుంచి అదే స్కూల్లో వంటగది పని. పదకొండేళ్ళు నడిపింది, ఒక్క గీత పడనివ్వలేదు.

నోలా నిమ్మరసం ఇచ్చింది. లీటా గ్లాసు అందుకోబోయి పక్కన పట్టుకుంది. నవ్వేసి మళ్ళీ పట్టుకుంది.

"నాన్న ఆదివారాలు రావడం లేదు బాబాయ్. ట్రక్కులో వస్తాడు, ఎదురుగా ఆపుకుని కూర్చుంటాడు, వెళ్ళిపోతాడు. ప్లేటు తీసుకెళ్ళి ఇస్తే అద్దం దించడు. నేను ఏం తప్పు చేశాను?"

"నువ్వేం చేశావమ్మా."

"ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకు. నీ చీటీ మీద మార్చి అని ఉంది. ఆ బోల్ట్ నువ్విచ్చింది మేలో. మధ్యలో మళ్ళీ కొలిచావా?"

నోలా సింకు దగ్గర నీళ్ళు కట్టేసింది.

"కొలిచాను" అన్నాను.

"నాకు తెలుసు. నాన్నకీ అదే చెప్పాను, వర్జిల్ బాబాయ్ కొలవకుండా ఉండడని. ఊరికే, పడుకుంటే ఇవన్నీ తిరుగుతుంటాయి. నువ్వు అన్నీ రాసిపెట్టుకుంటావుగా?"

"రాశాను."

లేచి నా చెంప మీద ముద్దు పెట్టి వెళ్ళింది. వాకిట్లో మెట్టు దిగేటప్పుడు కాలితో తడుముకుంది.

మే పేజీ తిరగేసి చూశాను. రాసే ఉంది.


ఆగస్టు 2

కొత్త నల్ల ఇంకు కొన్నాను.


ఆగస్టు 10

డార్సీ తూటాలు నింపే యంత్రాన్ని బల్ల నుంచి ఊడదీసి, అచ్చులతో సహా పాత క్వారీ చెరువులో పడేశాడట. నోలా చెప్పింది. వాళ్ళ నాన్న కొనిచ్చిన యంత్రం అది.

"నీకేమైనా చెప్పాలని ఉందా?" అంది నోలా.

"దేని గురించి?"

"నేను అడగలేదు. నీకు చెప్పాలని ఉందా అన్నాను."

మొక్కజొన్న కండెలు ఒలుస్తూ అడిగింది, నా వైపు చూడకుండా. పెళ్ళయి నలభై రెండేళ్ళు. తనకి తెలుసు. తెలిసీ నాకు వదిలేసింది. అరిచినా బాగుండేది.


ఆగస్టు 17

షెడ్డులోకి వెళ్ళలేదు.


ఆగస్టు 27, బుధవారం

మధ్యాహ్నం డార్సీ ట్రక్కు వచ్చింది. వెనక దుప్పట్లో తుపాకులు. గడ్డం పెరిగింది, చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నాడు. బాగా చిక్కిపోయాడు.

"వీటిని నీ దగ్గర పెట్టుకోరా."

"ఎన్నాళ్ళు?"

"తెలీదు. నా ఇంట్లో వద్దు. పక్క గదిలో అవి ఉంటే నిద్ర పట్టడం లేదు."

మా దగ్గర ఈ పద్ధతి ఉంది. మనసు బాగాలేనివాడు తన తుపాకులు స్నేహితుడి బీరువాలో పెడతాడు. ఎందుకని వాడు చెప్పడు, వీడు అడగడు. నోలా వాళ్ళ అన్న భార్య పోయినప్పుడు నేనూ అలా ఆయనవి దాచాను. నాలుగు నెలల తర్వాత వచ్చి తీసుకెళ్ళాడు.

ఒక్కొక్కటీ అందుకుని బీరువాలో పెట్టాను. కాఫీ తాగమంటే వద్దన్నాడు. ట్రక్కు ఎక్కాక "లీటాని చూస్తుండండి, నువ్వూ నోలా" అన్నాడు. వెళ్ళిపోయాడు.

బీరువా తాళం వేస్తూ లెక్కపెట్టాను. ఐదు. వాడివన్నీ నేను కొలిచినవే, నాకు తెలియనిది లేదు. పేలింది కాక ఆరు ఉండాలి. వాళ్ళ నాన్న వేట తుపాకి రాలేదు.

ఇంకోసారి లెక్కపెట్టాను.


ఆగస్టు 28, గురువారం

నిన్న బీరువా తాళం వేసి నేరుగా వెళ్ళి ఉండాల్సింది. ఎదురుగా వాడి మొహం చూస్తూ చెప్పే ధైర్యం లేక తెల్లారేదాకా ఆగాను. ఈలోపు ఏమైనా జరిగి ఉంటే? నోలాకి అంతా చెప్పాను. చెప్పడం అయ్యేసరికి కోటు, ట్రక్కు తాళాలు నా చేతిలో పెట్టింది. "పో" అంది.

డార్సీ వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. బతికే ఉన్నాడు. పాత బోల్ట్ తెచ్చి వాడి మోకాలి మీద పెట్టాను.

"తూటా తప్పు కాదురా. నీ ఇత్తడికేం కాలేదు. నేనిచ్చిన బోల్ట్ తప్పు. దాన్ని పెట్టాక నేను కొలవలేదు."

వాడు బోల్ట్‌ని చూస్తున్నాడు.

"నంబరు కలిసిందిగా అనుకున్నాను. పుట్టినప్పటి నుంచీ దీనిదే కదా, కొలిచేదేముందిలే అనుకున్నాను. అది సరిపోయింది పాత రిసీవర్‌కి. దాన్ని ఎప్పుడో కోసి పారేశారు. మనం పెట్టుకుంది కొత్తది. ఈ సంగతి క్లబ్బులో అందరికీ చెప్పేవాణ్ణి నేనే. నాకే గుర్తు రాలేదు. నంబరు చూసి మురిసిపోయాను. గేజ్‌లు ఇంట్లోనే ఉన్నాయి. తెచ్చి ఉంటే పది నిమిషాల పని."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"జూన్ ఇరవై ఒకటిన కొలిచాను. జూలై ఐదున పాతది పెట్టి చూశాను. ఇక అనుమానం లేదు."

"మీటింగు పన్నెండున."

"అవును."

"నేను నిన్ను వెనకేసుకొచ్చాను."

"అవును."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. వాడు బోల్ట్‌ని చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"నువ్వు కొలిచాక ఆదివారాలు ఎన్నయ్యాయిరా?" అన్నాడు.

"పది."

"నాకు తెలుసు. నువ్వు లెక్కపెట్టావో లేదో చూద్దామని అడిగాను." బోల్ట్ కింద పెట్టాడు. "పది ఆదివారాలు నా బిడ్డ ప్లేటు పట్టుకుని రోడ్డు దాటి వచ్చిందిరా. ఒక్క కన్నుతో, అటూ ఇటూ తల తిప్పి చూసుకుంటూ. నేను అద్దం దించలేదు. ఆ చేత్తో పెట్టింది తినే అర్హత నాకు లేదనుకున్నాను. కన్ను పోవడం పొరపాటు. నేనైనా చేసేవాణ్ణేమో. ఇది పొరపాటు కాదు."

"కాదు" అన్నాను.

లోపలికి వెళ్ళాడు. నేను మెట్ల దగ్గరే నిలబడ్డాను. లోపల అలమారా తెరిచిన చప్పుడు అయింది. అప్పుడు నాకు కలిగిన భయం రాయలేను. ఒక మెట్టు ఎక్కాను.

వాళ్ళ నాన్న వేట తుపాకి పట్టుకుని వచ్చాడు. బోల్ట్ తీసేసి ఉంది. తుపాకి ఒక చేతిలో, బోల్ట్ ఇంకో చేతిలో. రెండూ నాకు ఇచ్చాడు.

"ఇదీ పట్టుకుపో. ఇంకెప్పుడూ నువ్వు రావద్దు. ఏమైనా ఉంటే నోలాని పంపించు."


ఆగస్టు 29

ఆర్డిత్‌కి కొత్త రిపోర్టు ఇచ్చాను. ‘ఉండవచ్చు’ ఎక్కడా లేదు. చీటీల కట్ట, రెండు గేజ్‌లూ బల్ల మీద పెట్టాను. ఇంట్లో నింపిన తూటాల మీద చేసిన తీర్మానాన్ని నోటీసు బోర్డు మీద నుంచి నా ముందే తీసేసింది. నన్ను కూర్చోమనలేదు.

అక్కడి నుంచి లీటా దగ్గరికి వెళ్ళాను. తండ్రి అప్పటికే చెప్పేశాడు. తలుపు సగమే తీసింది.

"రాశానన్నావు" అంది.

"నువ్వు వెళ్ళాక రాశాను."

ఆ ఒక్క కన్నుతో నన్ను చూసింది. ఏడవలేదు. "నాకు కన్ను పోయిన రోజు కూడా ఇంత అసహ్యం వేయలేదు స్ట్రోడ్ గారూ" అని తలుపు వేసేసింది. తొట్టెలో పిల్లగా ఉన్నప్పటి నుంచీ నన్ను బాబాయ్ అనేది.


ఆగస్టు 31, ఆదివారం

చర్చి అయ్యాక నోలా ట్రక్కుని లీటా ఇంటి వీధిలోంచి పోనిచ్చింది. నేను అడగలేదు. డార్సీ ట్రక్కు ఎదురుగా కాదు, ఇంటి ఆవరణలోనే ఉంది, లీటా కారు వెనకాల. అందులో ఎవరూ లేరు. నోలా ఆపకుండా పోనిచ్చింది. నేను వెనక్కి తిరిగి చూస్తే "చూసింది చాలు" అంది.

ఆరు తుపాకులూ నా బీరువాలో ఉన్నాయి. వాడు ఎప్పుడు అడిగితే అప్పుడు నోలా ఇస్తుంది. తాళం తన దగ్గరే.

ఇంటికొచ్చి మే 3 పేజీ తెరిచాను. చివరి రెండు వాక్యాలు నీలం ఇంకులో ఉన్నాయి. పైవన్నీ నలుపు. నీలం వాక్యాల అక్షరాలు చిన్నవి, కింద మిగిలిన జాగాలో ఇరికించినవి. మిలార్డ్ అంకెల కంటే అధ్వాన్నంగా ఉంది పని. చింపేద్దామనుకున్నాను, చింపలేదు. కొట్టివేయనూ లేదు.

కోటు జేబులో చీటీ ఒకటి మిగిలిపోయింది. దాని మీద ఇవాళ్టి తేదీ వేశాను. ‘కొలవలేదు’ అని రాశాను. కింద నా పొడి అక్షరాలు పెట్టి, ఆ పేజీకి కన్నం చేసి కట్టాను.